సవరయ్య చేసిన బురద పెట్టె

నూజివీడులో మామిడి పెట్టెలు కొట్టేవాళ్ళు ఆ రోజుల్లో చాలామందే ఉండేవాళ్ళు. కానీ సవరయ్య పెట్టెని కళ్ళు మూసుకుని తడిమినా చెప్పొచ్చనేవాళ్ళు కాయలు ఎగుమతి చేసే వ్యాపారులు. చెక్కకీ చెక్కకీ మధ్య చిటికెన వేలు సరిగ్గా దూరేంత సందు ఉండేది. అంతకన్నా ఎక్కువైతే లోపలి గడ్డి బయటికి పీక్కొస్తుంది. తక్కువైతే బొంబాయి చేరేలోపల కాయ ఉడికిపోతుంది.

ఈ సందు సంగతి అతనికి మేనమామ సలోమోను నేర్పాడు. ముసునూరులో అయిదో తరగతితో చదువు ఆపేసి వచ్చిన మేనల్లుడికి సలోమోను మొదటి ఏడాది రంపం ముట్టనివ్వలేదు. కుళ్ళిపోయి తిరిగొచ్చిన పెట్టెలు ఇచ్చి, విప్పి చూడమనేవాడు. "ఎక్కడ మొదలైందో చూడరా" అనేవాడు. ఎన్ని విప్పినా ఒకటే. కుళ్ళు ఎప్పుడూ నడిమధ్యన, గాలి తగలని చోటే మొదలయ్యేది. కోసినంత మాత్రాన కాయ చచ్చిపోదు, ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, దాని ఊపిరికి దారి ఉంచడమే పెట్టె పని అని సవరయ్యకి చేతుల్లోకి ఎక్కిపోయింది. ఆ తర్వాత ముప్ఫయ్యేళ్ళు అదే పని. చివరికి ఇంట్లో బియ్యం పెట్టె చేసినా దానికీ వెనకవైపు రెండు బెజ్జాలు వేశాడు. పురుగు పడుతోందని భార్య ఇన్నమ్మ గుడ్డపేలికలు కుక్కి మూసేసుకుంది.

ఎనభై ఆరులో, తోటలన్నీ పూత మీద ఉన్న రోజుల్లో, హైస్కూలు మాస్టారు శ్రీమన్నారాయణ గారు కూతుర్ని వెంటబెట్టుకుని సవరయ్య పాకకి వచ్చారు. ఆ అమ్మాయి పేరు జ్ఞానప్రసూనాంబ. ఇంట్లో ప్రసూన అంటారు. విశాఖపట్నంలో ఉండి ఏదో పెద్ద చదువు చదువుతోందని సవరయ్యకి తెలుసు. ప్రతి వేసవిలో ఆ అమ్మాయి హాస్టలుకి మాస్టారు పంపే చిన్నరసాలకి పెట్టె కొట్టేది అతనే.

"సవరయ్య గారూ, మీ పెట్టెలో వచ్చిన పండు ఇన్నేళ్ళల్లో ఒక్కటి కూడా నలగలేదండీ" అంది ప్రసూన. "అందుకే వచ్చాను. నాకో పెట్టె కావాలి."

"ఎన్ని కాయలకండీ, అమ్మాయి గారూ?"

"కాయలకి కాదండీ. బురదకి."

సవరయ్య మాస్టారి వైపు చూశాడు.

"నన్ను చూడకు సవరయ్యా" అన్నారు మాస్టారు. "నాకూ రెండేళ్ళ నుంచీ ఇదే సమాధానం."

అప్పుడు ప్రసూన చెక్కల దొంతర మీద కూర్చుని చెప్పింది. సూళ్ళూరుపేట అవతల పులికాట్ సరస్సు ఉంది. సముద్రపు నీళ్ళు వచ్చిపోయే చోటు. అక్కడ నీళ్ళ అడుగున గడ్డి మొలుస్తుంది. నాచు కాదు, వేళ్ళూ ఆకులూ పువ్వూ ఉన్న అసలు గడ్డి. ఆ గడ్డి కింద బురద పొరలు పొరలుగా పేరుకుని ఉంటుంది. ఏ పొరలో ఏం దాగి ఉందో చూడడం ఆమె పని. అందుకు ప్లాస్టిక్ పైపుని బురదలోకి దింపి, ఉన్నది ఉన్నట్టుగా పైకి తీసి, విశాఖ ప్రయోగశాలకి తీసుకుపోవాలి. పోయిన ఏడాది తీసుకుపోయింది. రైల్లో ఎవరో పెట్టెలకి చోటు కావాలని ఆ పైపులన్నిటినీ సీటు కింద పడుకోబెట్టారు. వాల్తేరులో దిగి చూస్తే పై పొర కింది పొర ఏదీ లేదు, అంతా కలిపిన ముద్దపప్పు.

"ఈ శీతాకాలం ఒక్కటే అవకాశం అన్నారండీ మా ప్రొఫెసరు గారు. ఈసారీ పాడైతే ఈ పని వదిలేయాలి. నా చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు."

సవరయ్య ఆ అమ్మాయి తెచ్చిన పైపు ముక్కని చేతిలో తిప్పి చూశాడు. "పడుకోబెట్టకూడదు. కుదపకూడదు. మరి ఎండ?"

"చల్లగా ఉండాలండీ."

"మూతలు?"

"ఈ పైపుకి సరిపడేవి ఎక్కడా దొరకలేదండీ. పైకీ కిందకీ చెక్క బిరడాలు మీరే చేయాలి."

"చేస్తానండీ" అన్నాడు సవరయ్య.

బిరడా అంటే బిగువుగానే ఉంటుంది కదా అని ఆమె ఇంకేం చెప్పలేదు. అతను ఇంకేం అడగలేదు. ఎక్కువ అడగడం అతనికి అలవాటు లేదు. పని చెబితే దాని రూపం మనసులో కట్టుకుని, చేతులతోనే జవాబు చెప్పేవాడు.

పెట్టె మనిషి నడుము ఎత్తున లేచింది. లోపల రెండు అడ్డపలకలు వేసి, వాటికి పైపు సరిగ్గా దిగేలా గుండ్రటి కంతలు కోశాడు. ఒక్కో కంత అంచుని ఉలితో నున్నగా చెక్కి, సైకిలు ట్యూబు ముక్క అంటించాడు. అడుగున గడ్డి దళసరిగా పరిచాడు. పక్కలకి మామూలుగానే సందులు ఉంచాడు. తడి గోనె చుడితే ఆ సందుల్లోంచి గాలి ఆడి లోపల చల్లగా ఉంటుంది. నాలుగు మూలలా మోతకి తాడు పిడులు పెట్టాడు. పిడులు పైకి ఉన్నాయి కాబట్టి ఎంత తొందరలో ఉన్నవాడైనా దాన్ని నిలబెట్టే మోయాలి.

పక్క పాకలో పనిచేసే వరసకి బావమరిది రత్నబాబు వచ్చి చుట్టూ తిరిగి చూశాడు.

"ఏంటి బావా ఇది? చెరుకు గడలకా?"

"బురదకి."

"బురదకా! ఎక్కడికంట?"

"విశాఖపట్నం."

"ఏం, అక్కడ వర్షాలు పడవా?" అన్నాడు రత్నబాబు. "మన వీధిలో కావల్సినంత ఉంది, ఒక మాట చెబితే లారీకి ఎత్తేవాణ్ణి గదా."

సవరయ్య నవ్వి చిత్రిక పట్టడంలో పడిపోయాడు. బిరడాలు తుమ్మ చెక్కతో చేశాడు. తడికి కాస్త ఉబ్బి పైపుని కరుచుకునేలా కొద్దిగా ఏటవాలు ఇచ్చాడు. అన్నీ అయ్యాక వాటిని వరసలో పేర్చి చూసుకుంటే అతనికి మనసొప్పలేదు. ఇంత బిగువుగా మూస్తే లోపలిది ఏమైపోవాలి? అడుగు బిరడాల జోలికి పోలేదు గాని, పై బిరడాలన్నిటికీ నడిమధ్యన సన్నటి బర్మాతో ఆవగింజ పట్టేంత బెజ్జం వేశాడు. అది ఎవరికీ చెప్పాల్సిన సంగతిగా అతనికి తోచలేదు. వంట చేసేవాడు ఉప్పు వేశానని చెప్పుకుంటాడా?

తను చేసిన కొత్త రకం పెట్టె మొదటిసారి బయల్దేరుతుంటే సవరయ్య దాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వడు. పైగా పైపు దిగేసే మనిషి కూడా కావాలి. అందుకని తండ్రీకూతుళ్ళతో పాటు తనూ రైలెక్కాడు.

పులికాట్ చూసి సవరయ్య ఆశ్చర్యపోయాడు. కనుచూపు మేర నీళ్ళే గాని, పడవలోంచి కాలు పెడితే మోకాలి లోతు. మాస్టారు గొడుగు వేసుకుని గట్టునే కూర్చున్నారు. పడవ మనిషి గెడ వేసి లోపలికి తీసుకుపోయాడు. ఎండ ఏటవాలుగా పడేసరికి అడుగున పచ్చగా కనబడింది. సన్నటి ఆకులన్నీ నీటి కదలికకి ఒకే వైపు వాలుతున్నాయి, మళ్ళీ లేస్తున్నాయి. గడ్డి లేని చోట అడుగు పెడితే నీళ్ళు మురికెత్తి పోతున్నాయి. గడ్డి ఉన్న చోట మాత్రం తేటగా ఉన్నాయి.

"చూశారా సవరయ్య గారూ" అంది ప్రసూన నీళ్ళల్లో నిలబడి. "ఈ ఆకుల్లోకి వచ్చేసరికి నీటి వేగం తగ్గుతుందండీ. మోసుకొచ్చిన ఒండ్రంతా ఇక్కడే దింపేస్తుంది. వేళ్ళు దాన్ని కదలకుండా పట్టుకుంటాయి."

"జల్లెడ లాగానండీ."

"అవునండీ. జల్లెడా అదే, గోనె సంచీ అదే."

పైపు నిలబెట్టి పైన చెక్క దిమ్మ పెట్టి సవరయ్య కొడతితో మెల్లిగా కొట్టాడు. గట్టిగా ఒక దెబ్బ కన్నా చిన్నవి పది నయం. మేకుకైనా అంతే, పైపుకైనా అంతే. దిగాక ప్రసూన పైన రబ్బరు మూత బిగించేది. ఇద్దరూ కలిసి లాగేవాళ్ళు. పైపు అడుగు నీళ్ళల్లోంచి బయటికి రాకముందే ఆమె కింద బిరడా పెట్టేది. ఆపైన పడవలో నిలబెట్టి, రబ్బరు మూత తీసి, చెక్క బిరడా దింపడం సవరయ్య పని. ఉన్నది ఒక్కటే రబ్బరు మూత. బిరడా దిగుతుంటే లోపలి గాలి ఆ ఆవగింజ బెజ్జంలోంచి సుయ్‌మని పోయి, చివర ఒక నీటిబొట్టు చిమ్మేది. ఎక్కడా నొక్కుకోకుండా కూర్చునేది. సవరయ్య లోలోపల సంబరపడ్డాడు.

పడవ మనిషి చుట్ట వెలిగించుకుని అంతా చూశాడు. "ఏంది సామీ, మా బురదకి రైలు టిక్కెట్టు కూడా కొన్యారా?"

"మేమే నిలబడి పోతాం, బురదకి సీటు" అన్నాడు సవరయ్య.

సాయంత్రానికి సూళ్ళూరుపేట స్టేషను చేరారు. పెట్టె తడి గోనె చుట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. ఒక పైపు మాత్రం కొడుతుంటే పగిలింది. దాన్ని విడిగా తెచ్చారు. రైలుకి ఇంకా వేళ ఉండడంతో తండ్రికి చూపిద్దామని ప్రసూన దాన్ని చీల్చి, బురదని ఒక అరిటాకు మీదకి నెట్టింది. కుళ్ళిన గుడ్డు వాసన వచ్చింది. మాస్టారు ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. బురద కాటుక ముద్దలా నల్లగా ఉంది. పై భాగంలో పచ్చి వేళ్ళు. కింది భాగంలో వెంట్రుకల్లాంటి పాత వేళ్ళు, గవ్వల పొడి.

"ఇవి ఎప్పటివో ఊహించండి నాన్నా. తాతగారు పుట్టకముందు చచ్చిపోయిన వేళ్ళు అయ్యుండొచ్చు. ఇంకా పోగు పోగుగా ఉన్నాయి చూడండి."

సవరయ్య వంగి చూశాడు. "మన తోటలో రాలిన ఆకు మళ్ళీ పూతకి కనబడదు గదండీ. మట్టిలో కలిసిపోద్ది."

"అక్కడ గాలి ఉంటుందండీ. గాలి ఉంటే పురుగూ బూజూ దాన్ని తినేస్తాయి. ఆకు కట్టుకున్న కర్బనం, అదే బొగ్గు, మళ్ళీ గాలిలోకే పోతుంది. ఇక్కడ నీళ్ళ కింద, ఒండ్రు కింద గాలి తగలదు. అందుకని కర్బనం అలాగే ఉండిపోతుంది. మనం తోటకి యూరియా అనీ సూపర్ అనీ వేసుకుంటామే, ఆ నత్రజనీ భాస్వరమూ కూడా ఈ బురద కొంత పట్టి ఉంచుతుంది. ఇంత గడ్డి అడుగున ఎంత దాగి ఉందో లెక్క కడితే..." ఆమె మాట ఆపి నవ్వింది. "అదుగో, చూస్తుండగానే మారిపోతోంది."

ఆమె చేయి చూపిన చోట నలుపు విరిగిపోతోంది. అంచుల వెంట బూడిద రంగు పాకింది. టీ కుర్రాడు గ్లాసులు తెచ్చి, వీళ్ళు తాగి ఇచ్చేలోపల ముద్ద పైభాగమంతా పొయ్యిలో బూడిదలా తెల్లబడింది.

"ఏమైందమ్మా?" అన్నారు మాస్టారు.

"గాలి తగిలింది నాన్నా. ఇంక ఇది నా పనికి రాదు."

సవరయ్య చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. తల తిప్పి పెట్టె వైపు చూశాడు. అంత బాగా కుదిరిందనుకున్న పెట్టె అది. అందులో ప్రతి పైపు నెత్తి మీదా తన చేత్తో వేసిన బెజ్జం ఉంది.

చెప్పకుండా ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చిందో లేదో గాని, అతను గ్లాసు కింద పెట్టి లేచాడు.

"అమ్మాయి గారూ, తప్పయిపోయిందండీ. పై బిరడాలకి బెజ్జాలు వేశానండీ."

"బెజ్జాలా?"

"ఊపిరాడాలని."

ప్రసూన పెట్టె దగ్గరికి పోయి గోనె ఎత్తి, ఒక బిరడా మీద వేలు పెట్టి తడుముకుంది. ఒక మాట తిట్టినా బాగుండుననిపించింది సవరయ్యకి.

"ఊపిరేంటయ్యా, బురదకి!" అన్నారు మాస్టారు.

"నేను చెప్పలేదు నాన్నా" అంది ప్రసూన మెల్లగా. "గాలి తగలకూడదని నోటితో ఒక్కసారి కూడా చెప్పలేదు. పొద్దుట్నుంచీ నేనూ చూసుకోలేదు."

చీల వేసి కొడదామంటే ఆ అదురుకి పొరలు కదులుతాయి. బిరడా తీసి మళ్ళీ పెట్టడం ఇంకా ప్రమాదం. సవరయ్య పరుగున స్టేషను బయటి కొట్టుకి పోయి కొవ్వొత్తులు తెచ్చాడు. వెలిగించి, ఒక్కో బెజ్జం మీదా మైనం బొట్టు బొట్టుగా వదిలాడు. వేలితో అదిమి, బిరడా అంచు చుట్టూ కూడా పోశాడు. చేయి కుదురుగా ఉండడానికి మోచేతిని మోకాలికి ఆనించుకున్నాడు. పొద్దుటి నుంచీ తగిలిన గాలికి మాత్రం అతను చేయగలిగింది ఏమీ లేదు.

రైల్లో సవరయ్య పెట్టెని ఆనుకుని కింద కూర్చుని, విజయవాడలో ఒకసారీ రాజమండ్రిలో ఒకసారీ గోనె తడిపాడు. కుదుపు వచ్చినప్పుడల్లా పిడి మీద చేయి వేశాడు. ఆ చేయి వేయకపోయినా పెట్టె కదిలేది కాదు. కానీ అతనికి ఇంకేం చేయాలో తెలియలేదు.

పొద్దున్నే ప్రయోగశాలలో ప్రసూన పొడుగాటి బల్ల తుడిచి, మొదటి పైపు నిలువునా బిగించింది. మైనం గీకి బిరడా తీసింది. వంగి చూసింది. చాలాసేపు అలాగే చూసింది. తర్వాత తెచ్చుకున్న సన్నటి గొట్టంతో పైనుంచి కొద్దికొద్దిగా నీళ్ళు లాగేసి, "ఇంక కోయండి" అంది.

పైపుని బల్ల మీద పెట్టి నిలువునా కోయడం సవరయ్యకే అప్పగించింది. ప్లాస్టిక్ వరకే తెగాలి, రంపం పంటి మొన బురదని తాకకూడదు. రంపాన్ని దాదాపు పడుకోబెట్టి, బరువు వేయకుండా, దాని బరువుతోనే పోనిచ్చాడు. రెండో వైపు కూడా అయ్యాక ఆమె సన్నటి తీగ లాగి రెండు సగాలనీ విడదీసింది.

నలుపు. పైనుంచి కింద దాకా కాటుక నలుపు. గవ్వల పొడి ఒక గీతలా, వేళ్ళు ఎక్కడివి అక్కడ, ఒండ్రు పొర మీద పొర, చీర మడతలు విప్పినంత శుభ్రంగా. అంచుకి ఎక్కడా బూడిద రంగు లేదు.

సవరయ్య రంపం పక్కన పెట్టాడు.

"బాగానే ఉందాండీ?"

"బాగానే ఏంటి సవరయ్య గారూ!" ప్రసూన నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. "బురద మీద బెత్తెడు నీళ్ళు నిలిచి ఉన్నాయండీ. పైపు ఒరగలేదు, ఒక్క బొట్టు ఒలకలేదు. మీ బెజ్జంలోంచి వచ్చిన గాలి నీళ్ళ దగ్గరే ఆగిపోయింది. ఈ కాస్త వేళకి బురద దాకా దిగలేదు."

మాస్టారు కుర్చీలో కూలబడి, "అమ్మయ్య" అన్నారు. "నేను అన్నం తినొచ్చన్నమాట."

మిగతా పైపులు కూడా ఒకటొకటిగా తెరిచారు. అన్నీ నల్లగానే ఉన్నాయి. ఒకదాంట్లో మాత్రం నీళ్ళు తక్కువై పైన వేలెడు మేర రంగు విరిగింది. ఆ ముక్క కోసి పక్కన పెట్టింది ప్రసూన. మధ్యాహ్నం ప్రొఫెసరు గారు వచ్చి బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగారు. ప్రసూనని ఒకటే అడిగారు, ఇంకో శీతాకాలానికి ఎన్ని పైపులు కావాలో చెప్పమని.

బయల్దేరేముందు ప్రసూన ఒక బిరడా చేతికిచ్చి, "వచ్చే ఏడాదికి ఇలాంటివే చేయండి" అంది.

"బెజ్జం లేకుండానండీ."

"బెజ్జంతోనే. ఆలోచించాను. అది లేకపోతే బిరడా నొక్కినప్పుడు లోపలి గాలి బురదని కిందికి తోసేది. దిగేటప్పుడు బెజ్జం ఉండాలి. దిగిన వెంటనే మైనం పడాలి."

సవరయ్య ఆ మాటని కాసేపు మనసులో తిప్పి చూసుకున్నాడు. మొదట ఉండాలి, తర్వాత మూయాలి. పనిలో అలాంటివి ఉంటాయి. "మైనం నేనే తెస్తానండీ" అన్నాడు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. తుని దాటిన సంగతి గుర్తుంది. ఆపైన ఎవరో భుజం తట్టి లేపితే కళ్ళు తెరిచాడు. ఎదురుగా బెజవాడ స్టేషను. నూజివీడు స్టేషను ఎప్పుడో వెనకబడింది. ఎదురు బెంచీ మీద మాస్టారు ఇంకా గురక పెడుతున్నారు. ఆయన్ని లేపాక ఇద్దరూ నవ్వుకుంటూ దిగి బస్సు పట్టుకున్నారు.

ఇంటికొచ్చేసరికి ఇన్నమ్మ అన్నం వడ్డించి, ఏమైందని అడిగింది. సవరయ్య దాచకుండా చెప్పాడు, బెజ్జాలతో సహా. గాలి తగలకపోతేనే అది నిలవ ఉంటుందట అన్నాడు. ఇన్నమ్మ ఆవకాయ జాడీ ముందుకి లాగి, పైన తేలుతున్న నూనెని గరిటెతో పక్కకి నెట్టి, అడుగు నుంచి ముక్క తీసి కంచంలో వేసింది.

"ఆ నూనె ఎందుకు పోస్తాననుకుంటున్నావయ్యా ఇన్నేళ్ళూ? ముప్ఫయ్యేళ్ళు తిన్నావు. ఒక్కనాడైనా అడిగావా?"

"అడగలేదు" అన్నాడు సవరయ్య.

"అడక్కపోవడమే మంచిదైంది. అడిగుంటే దీనికీ బెజ్జం వేసేవాడివి."

సవరయ్య పొలమారేంత నవ్వాడు. ఇన్నమ్మ మంచినీళ్ళు అందించింది. మారు అన్నం పెట్టించుకుని తిన్నాడు.